ముసలమ్మ మరణము - తటాకరక్షణవిచారము

క్రీ.శ. 1899వ సంవత్సరమున ఆంధ్రభాషాభిరంజనీసమాజమువారి పోటీకై వ్రాయఁబడి, బహుమానమును బడసి, మఱుసటియేఁట ముద్రితమైన "ముసలమ్మ మరణము" చిన్నకావ్యము. దానినిగూర్చి విమర్శకులు వ్రాసినది కావ్యముకంటెఁ బెక్కురెట్లు పెద్దది. నవ్యకవిత్వమునకు నిది యాద్యకృతి యగునా, మరణాంతమైన కథ మన కావ్యమర్యాదకు సమ్మతమా, ఇందు ఆంగ్లకవితాచ్ఛాయ యెంత యను మూఁడు ప్రశ్నల చుట్టును వారి చర్చ తిరిగినది. మూఁడును బ్రశస్తములే. పాఠశాలలలో నీ కావ్యమును బోధించు పండితులును వీనినే విద్యార్థులకుఁ జెప్పుచున్నారు. కాని చెఱువు క్రిందఁ బుట్టి పెరిగిన బాలుఁడు మొట్టమొదట నడుగు ప్రశ్న వేఱొకటి: కట్ట యేల తెగెను? ఇది కావ్యమును విడిచి చేయు లౌకికప్రసంగమని కొందఱు తలంపవచ్చును. కావ్యవిమర్శకుఁ జెందినదే యని చూపుట యీ వ్యాసమున నా యుద్దేశము.

కథ యందఱెఱిఁగినదే. అనంతపురము చెంత బుక్కరాయసముద్రమను గ్రామము. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ. వానలు విడువక కురిసి చెఱువు పొంగి కట్ట గండిపడు స్థితికి వచ్చినది. ప్రజలు తల్లడిల్లుచుండఁగా, ముసలమ్మను బలియిచ్చినఁగాని కట్ట నిలువదని దైవవాక్కు వెలువడును. ఆ యిల్లాలు తనవారికడ సెలవు గైకొని, ఊరికొఱకు నీటఁ బ్రవేశించును. కథాబీజము సి. పి. బ్రౌనుదొర 1853లో నాంగ్లానువాదముతోఁ బ్రకటించిన అనంతపురచరిత్రము నందలిది. చెఱువు మాత్రము కథకంటెఁ బ్రాచీనము. 14వ శతాబ్దమున, మొదటి బుక్కరాయల కాలమున, పండమేటి నీటిని నిలుపుటకై కట్టఁబడినదని ప్రసిద్ధి.

కవి యెవ్వరో, ఎక్కడివారో యించుక తలఁచుకొనవలెను. రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరిని ఆనుకొనియున్న కట్టమంచిలో జన్మించిరి. అప్పటికిఁ జిత్తూరుమండలము లేదు. ఆ ప్రాంతము ఉత్తరార్కాటులోనిది, మండలము 1911లో నేర్పడినది. (ఊరిపేరునందే "కట్ట" యున్నదని చమత్కరింపను. ఊళ్ళ పేరులకు వ్యుత్పత్తులు చెప్పఁబోయి నవ్వులపాలైనవారు మనలోఁ జాలమంది కలరు.) ఆ సీమకు జీవనది లేదు. స్వర్ణముఖి, నీవా, ఆరణి, కాళంగి, బాహుదా, పింఛా మొదలగునవి వాననాళ్ళఁ బాఱి తక్కినకాల మిసుకతిన్నెలై యుండును. కావున నక్కడి కృషి యంతయుఁ జెఱువులపై నిలిచినది. ఒక వంక నొక చెఱువు నింపును. దాని మరవ దాఁటిన నీరు క్రిందిచెఱువు నింపును. ఆ వరుసకు గొలుసుచెఱువులని పేరు. మీఁదిచెఱువు తెగెనా, ఆ నీరు క్రిందివానిపైఁ బడి యొక్కరాత్రిలో నాలుగైదూళ్ళ పంటయుఁ బశువులును గొట్టుకొనిపోవును. తెగిన చెఱువు మరల నిండువఱకుఁ ద్రాగునీటి బావులును ఎండిపోవును. కట్ట తెగుటయన్న నా సీమవానికిఁ గఱవు వచ్చుటయే. ఈ భయము పుస్తకములవలనఁ గవికి వచ్చినది కాదు; చిన్ననాఁటినుండి విన్నది, కన్నది. అనంతపురపుఁ గథను దక్షిణమునఁ జిత్తూరివాఁ డెన్నుకొనుటకు నిదియే హేతువని నా యభిప్రాయము.

కావ్యమున రసపుష్టిగల ఘట్టములేవి? వర్షభయము, జనుల కలఁత, ముసలమ్మ నిశ్చయము, వీడుకోలు. ఇందుఁ గవి భావన చక్కఁగాఁ బనిచేసినది. ఇరువదియేండ్లు నిండని విద్యార్థి వ్రాసినదని తెలిసిన నాశ్చర్యము కలుగును. కాని కట్టకడకు వచ్చునప్పటికిఁ గవిదృష్టి కట్టపైనుండి దైవముపైకి మరలును. మరవ పూడెనా, తూము చెడెనా, కట్టకుఁ బేర్చిన రాయి జాఱెనా, ఎలుకబొఱియలనుండి నీరూరెనా యను విషయముపైఁ గథాగమన మాధారపడలేదు. గండికిఁ గారణము దైవేచ్ఛ. గండికిఁ బ్రతిక్రియయు దైవేచ్ఛయే. మనుష్యుల పాత్ర భయపడుట, ఏడ్చుట, చేతులు జోడించుట. ఈ కవియే పదునేనేండ్ల పిమ్మట, 1914లో, కవిత్వతత్త్వవిచారమును బ్రకటించి, భావనాశక్తియే కవిత్వమునకుఁ బ్రాణమనియుఁ, గథాంగము లొండొంటికిఁ బొందియుండవలెననియు మన ప్రబంధకవులను నిలఁదీసినాఁడు. ఆ తూనికఱాతినే యాయన తొలికృతికిఁ బట్టుట యన్యాయము కాదు.

ఇచ్చట నొక సమాధానము చెప్పవచ్చును. మూలకథలో దైవవాక్కు ప్రధానము. కవి దాని ననుసరించినాఁడు. మరవలు తూములు కవిత్వమునకుఁ దగవు - అని. మొదటిమాట నిజము. తుదిమాటను మాత్ర మంగీకరింపఁజాలను. ఊరివా రేటేఁట మరవ బాగుచేయక, పూడిక తీయక, కట్టపై మొలచిన చెట్లు నఱకక యుపేక్షించిరనియుఁ, దత్ఫలముగాఁ గట్ట వీఁగినదనియుఁ గవి యొక్కరేఖ గీసిన చాలును, ముసలమ్మ బలి రూపమే మాఱిపోవును. అప్పు డామె దైవఋణమును గాదు, ఊరివారి ఋణమును దీర్చుచున్నది. నిర్దోషురాలు పరుల యలసతకు వెల యిచ్చుచున్నది. కరుణ మప్పుడు తగ్గునా? నాకుఁ దోఁచినంతవఱకు ఇనుమడించును. మరణాంతకథను దెలుఁగునకుఁ దెచ్చుటకు సాహసించిన కవి యీ రెండవయడుగు వేయక యాఁగినాఁడు. దీనిని దోషమనుటకంటె, చేతికందియుఁ గోయని పండనుట సమంజసము.

కవి నొక్కనినే యననేల? మన ప్రబంధములలోని చెఱువుల నన్నింటిని వెదకిచూడుఁడు. తామరలు కలవు, హంసలు కలవు, జలక్రీడలు కలవు. పూడిక మాత్రము గంపెఁడైనను దొరకదు. సప్తసంతానములందుఁ దటాకమును బ్రబంధమును బ్రక్కప్రక్కను జేర్చి, రెండును గర్తృనామమును నిలుపునని మనవారు చెప్పిరి. నిజమే. కాని ప్రబంధము తాటాకుపై నొకమాఱు వ్రాసిన నిలుచును, తటాకమున కేటేఁట మట్టి మోయవలెను. ఆముక్తమాల్యదలోఁ గృష్ణరాయలు రాజనీతిని జెప్పుచుఁ జెఱువులు కాలువలు త్రవ్వించి, పేదలకుఁ బన్నున సడలింపు చూపవలెనని యుపదేశించుట మెచ్చఁదగినది. ఆ ప్రభువునకుఁ జెఱువన్న నేమో తెలియును. అక్కడనైనను ద్రవ్వించుటయే విధి. త్రవ్వించినదానిని గాపాడువాఁడెవ్వఁడను మాట లేదు.

ఆ మాట కావలసినచో శాసనములను జదువవలెను. కడపమండలమునందలి పోరుమామిళ్ళ చెఱువుశాసనము శా. శ. 1291, అనఁగా క్రీ.శ. 1369 నాఁటిది. మొదటి బుక్కరాయల కుమారుఁడు భాస్కరభవదూరుఁడు చెఱువు కట్టించి వ్రాయించినది. ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటమున సుక్థంకరుగారు దీనిని బ్రకటించినారు. బుక్కరాయసముద్రము పుట్టిన కాలమే యిదియును, ఆ వంశపు పాలనమే. ఈ శాసనకవి చెఱువునకుఁ బండ్రెండు సాధనములను జెప్పినాఁడు. ధర్మపరుఁడును గీర్తికాముఁడునైన రాజు, జలశాస్త్రమెఱిఁగిన బ్రాహ్మణుఁడు, గట్టి బంకమట్టినేల, మూఁడు యోజనముల దూరమునుండి వచ్చు తియ్యనినీటి యేఱు, తాఁకియున్న కొండభాగములు, వాని నడుమ మిక్కిలి పొడవుగాని దృఢమైన రాతికట్ట, ఫలభూములకుఁ బెడమొగమైన కొనలు, విశాలమై లోఁతైన గర్భము, నిడుదలై సూటియైన రాళ్ళుగల గని, సమీపమున సమతలమైన సారభూమి, కొండల కుదురువలన సుడులు తిరుగు ప్రవాహము, తుదకుఁ గట్టుబడిపనిలో నేర్పరులైన జనసమూహము. పిమ్మట నాఱు దోషములను లెక్కించినాఁడు: కట్టనుండి నీరూరుట, చౌటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, గర్భమధ్యమునఁ దాఁబేటివీఁపువలె మెరక యుండుట, నీరు కొంచెమై భూమి యెక్కువగుట, భూమి కొంచెమై నీరెక్కువగుట. కావ్యదోషములను గంఠపాఠము చేసిన మన పండితు లీ యాఱింటినిఁగూడఁ జేర్చుకొనిన బరువు కాదు. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలివాండ్రును, రాళ్ళు తోలుటకు నూఱు బండ్లును బనిచేసినట్లుకూడ నా శాసనమే చెప్పుచున్నది. రాజప్రశస్తి నడుమఁ గూలివాని కొక పాదము దక్కుట తక్కువ సంగతి కాదు.

ఈ దోషములలో మొదటిది కట్ట యూట. బుక్కరాయసముద్రపుఁ గథకు మూలమంతయు నందే యున్నది. శాసనకవి దానికి బలిని విధింపలేదు, దోషమని పేరుపెట్టినాఁడు. దోషమని పేరుపెట్టిన వెంటనే దానిని సరిచేయవలసిన మనుష్యుఁ డొకఁ డేర్పడును. ఈ రెండు రచనలకును గల యంతర మిదియే.

ఆ మనుష్యుని మన పూర్వు లేర్పఱచిన తెఱఁగులు కొన్ని కలవు. చెఱువు కట్టినవానికి, తెగినదానిని బాగుచేసినవానికి, నా చెఱువు క్రిందనే భూమియో పంటలోఁ బాలో యిచ్చు దశబంధము రాయలసీమయందంతట వాడుకలో నుండినది. ఇంగ్లీషువారి కాలమునను దశబంధ యినాములు సాగినవి. ఇనాము పొందినవాఁడు చెఱువును మంచిస్థితి నుంచవలెను. ఇదిగాక, నీరు పంచు నీరుగంటివానికిఁ గళ్ళమున ధాన్యము కొలుచుట, రైతులందఱు గూడి కాలువల పూడిక తీయుట ఆచారము. దానమునకంటెఁ బాలనము శ్రేష్ఠమని మన శాసనములు తుదిశ్లోకములలో విసుగులేక చెప్పుచున్నవి. మనము వానిని శాపశ్లోకములని దాఁటవేసి దాత పేరు వ్రాసికొందుము.

చెన్నపురి రాజధానియందు 1858లోఁ బుట్టిన మొదటి చట్టమునుగూడ నిచ్చటఁ దలఁచుట యుచితము. వఱదలచే గండ్లు పడు నపాయము తోఁచినపుడు చుట్టుపట్లఁగల కష్టజీవులలో దృఢకాయులైన పురుషులను బిలిచి పని చేయింపవచ్చుననియు, నాచారసిద్ధమైన చెఱువుపనిని జేయనివాఁడు దాని వెలకు రెట్టింపు చెల్లింపవలెననియు నందున్నది. కావ్యమున కది నలువదియొక్క యేండ్ల పూర్వపుది. సన్నివేశ మొక్కటే: వాన, పొంగిన చెఱువు, వీఁగుచున్న కట్ట. చట్టము కూలిపని చేయు పురుషులను బిలిచినది. ఊరిలోని భూస్వాములను బిలువలేదు. కథ యొక యింటి చిన్నకోడలిని బిలిచినది. ఇంటిలో నామెకన్న మాటచెల్లనివా రెవ్వరు? బలహీనుని భుజముపై భారము మోపుటయందుఁ జట్టమునకును గథకును బోలిక కలదని నాకుఁ దోఁచుచున్నది. కావ్యమును స్త్రీత్యాగమహిమగా మాత్రమే బోధించుచున్నవా రీ సంగతి యాలోచింపవలెను.

ఇఁకఁ దిరుపతి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1930వ దశాబ్దమునుండి సంపుటములుగా నచ్చొత్తించిన శాసనములు వేయికిఁ బైఁబడినవి, అందధికము తమిళము. సాహిత్యపండితులు వీనినిఁ దాళ్ళపాకవారి వంశచరిత్రముకొఱకో, రాయల యాత్రల తేదీలకొఱకో త్రిప్పుచుందురు. వానియందలి యర్థవ్యవస్థ యంతకంటె నాశ్చర్యకరము. దాత పణములను శ్రీభండారమున నిచ్చును. భండారమువా రా ధనమును దాఁచిపెట్టరు. దేవునియూళ్ళలోఁ జెఱువులు కాలువలు త్రవ్వించుటకుఁ, బాతవానిని బాగుచేయుటకు వినియోగింతురు. నీటివలన హెచ్చిన పంటనుండి దాత కోరిన నైవేద్యము నిత్యము నడచును. నైవేద్యమున నాలవపాలు దాతది. ఆ పాలును బెక్కండ్రు తామే భుజింపక, యాత్రికుల యన్నమునకు రామానుజకూటములకు నిచ్చిరి. సాళువ నరసింహుని కాలమున, 15వ శతాబ్దమునఁ, గందాడ రామానుజయ్యంగారి యాజమాన్యమున నేర్పడిన కూటములు ప్రసిద్ధములు.

ఈ యేర్పాటున నున్న నేర్పును గొంచెము నిలిచి చూడవలెను. చెఱువు పూడుట మెల్లఁగా జరుగు పని, ఏఁటికొక వ్రేలెఁడు మట్టి పేరుకొనును, ఎవ్వరికిఁ గనఁబడదు. కనఁబడునప్పటికిఁ గాలము మించును. తిరుపతి శాసనములు కనఁబడని యా లోపమును బ్రతిదినము కనఁబడునట్టి నైవేద్యమునకు ముడివేసినవి. ఊరిలోఁ గాలువ చెడినచో గుడిలోఁ దళిగ తగ్గును. తళిగ తగ్గిన దాత వంశస్థుఁడు తన పాలేదని యడుగును. యాత్రికుని యాకున మెతుకులు తగ్గును. అడుగువా రింతమంది యుండఁగా మట్టి తీయింపక తీఱదు. చెఱువును గాపాడుటకు దైవభక్తి చాలదని యెఱిఁగి, యాఁకలికిఁగూడ నందుఁ బాలు కల్పించినవాఁడు లోకజ్ఞుఁడు. రసమేమియు లేని యా గద్యమునం దింత భావన యిమిడియున్నది.

ఆ తిరుపతి చెంతనే యున్న పేరూరు చెఱువు, అవిలాల చెఱువు అను రెండింటి చరిత్ర యిందుకు విషమమైన యుత్తరకథ. ప్రభుత్వోత్తర్వులచేఁ బేరూరు చెఱువుభూమి 1991లో నిండ్లకొఱకు దేవస్థానమునకును, అవిలాల చెఱువుభూమి 1994లోఁ బట్టణాభివృద్ధిసంస్థ మూలమున గృహనిర్మాణమండలికిని నీయఁబడెను. ఎండి వాడుకతప్పిన చెఱువులని యొక పక్షపు వాదము. పట్టణమునకు భూగర్భజలము నిచ్చునవి యవియే యని తిరుపతిలోని ఇంటెలెక్చువల్స్ ఫోరమువారు న్యాయస్థానమున కెక్కిరి. ఉన్నతన్యాయస్థానమున వారికి జయము కలుగలేదు. సర్వోన్నతన్యాయస్థానము 2006 ఫిబ్రవరిలో జెప్పిన తీర్పున, చెఱువులు ప్రజలందఱి సొత్తనియుఁ, బ్రభుత్వము వానికి ధర్మకర్త మాత్రమే యనియు నిర్ణయించినది.

ఆ తీర్పును నేను సాహిత్యముగా జదివితిని. వాదోపవాదములు దీర్ఘములు, వాక్యములు బరువైనవి. తుదినున్న యాజ్ఞల పట్టిక మాత్రము పోరుమామిళ్ళ శాసనమునకుఁ జుట్టము. పేరూరున నూతనగృహములు కట్టరాదు; నీరు తెచ్చు బోడెద్దులవంకను శుభ్రపఱచి సాగించవలెను; అడ్డముగాఁ గట్టిన చిన్న యానకట్టను దీసివేయవలెను; ఇంకుడుచెఱువు నిర్మింపవలెను; కట్టిన ప్రతియింటి కప్పునీరు భూమిలో నింకవలెను; అక్కడ బోరుబావులు త్రవ్వరాదు. వంక పేరు చెప్పి దానిని శుభ్రపఱుపుఁడనిన వాక్యము నా దృష్టిలో నా తీర్పున కెల్లఁ దలమానికము. కాని లేచిన యిండ్లు లేచినట్లే యుండుటకు న్యాయస్థాన మియ్యకొనక తప్పలేదు. వంకను నొకమాఱు శుభ్రపఱుపవలెనని యున్నది. ఏటేఁట శుభ్రపఱచువాఁ డెవ్వఁడో, వాని కళ్ళపుగింజ యెక్కడిదో లేదు. నీరుగంటి లేని చెఱువును దీర్పు రక్షింపఁబూనినది. ఇది న్యాయమూర్తుల లోపము కాదు. దశబంధమును దళిగను మనము పోఁగొట్టుకొంటిమి, న్యాయస్థానము వానిని బుట్టింపఁజాలదు.

2021 నవంబరున నా ప్రాంతమున నతివృష్టి కలిగినది. స్వర్ణముఖి పొంగెను. తిరుపతికి సమీపమున రామచంద్రాపురముకడనున్న రాయలచెఱువు, కృష్ణరాయల పేరిటిదని జనులు చెప్పుకొనునది, నిండి కట్టనుండి నీరూరఁజొచ్చెను. మొదటిదోషము! క్రిందియూళ్ళవారిని మెట్టలకుఁ దరలించిరి. ఇసుకమూటలు వేసి యూటను గట్టిరి. కట్ట నిలిచినది. అంతకు రెండుమూఁడు దినములముందు చెయ్యేటిపైనున్న అన్నమయ్యజలాశయపుఁ గట్ట తెగి ప్రాణనష్టము గలిగియుండెను గావున, రాయలచెఱువునకై జనులు పడిన వెఱపు కల్పితము కాదు. ఈ ఘటనను జూచిన తరువాత "ముసలమ్మ మరణము"ను మరలఁ జదివితిని. జనుల కలఁతను వర్ణించినచోటఁ గవి యొక్కమాటయు నతిశయోక్తిగా వ్రాయలేదని తెలిసినది. ఆ భాగమును బాలురచేఁ జదివించు పండితులు వర్షవర్ణనమని వదలివేయక, నిలిపి చదివింపవలెను.

బుక్కరాయసముద్రమున నా స్థలమునకు ముసలమ్మకట్ట యను పేరు నేఁటికిని నిలిచియున్నది. ఆమె యక్కడ దేవతయై పూజ లందుచున్నది. కవి యామెను నీటఁ గలిపి కావ్యమును ముగించినాఁడు. ఊరివా రామెను గట్టపైకిఁ దెచ్చి కాపుంచిరి. మొక్కుబడికి వచ్చినవాని కండ్లకుఁ దల్లితోపాటు కట్టయుఁ గనఁబడును గదా. ఈ కావ్యమునకు ముద్రణములు పలుమాఱు వెలువడినవి. వానికిఁ బీఠికలు వ్రాసినవారును గలరు. ఆ చెఱువునకు నీ రే యేటినుండి వచ్చునో, మరవ యే ప్రక్కనున్నదో, తూములెన్నియో, ఆయకట్టెంతయో తెలిపి, పటముతోఁ గూర్చిన పాఠశాలాముద్రణ మొక్కటి కావలసియున్నది. మన పరిశోధకసంఘ మందుకు బూనినచో, శాసనము నెఱిఁగిన పండితుఁ డొక్కఁడు, చెఱువు నెఱిఁగిన రైతొక్కఁడు కూర్చుండి వ్రాయవలసిన పని యది.